వాలు వాకిట్లో కొలిచిన ఆయిలు

మా బావకి కిడ్నీలు చెడిపోయాక ముక్కు కూడా చెడిపోయిందని నేను తీర్మానించేశాను. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదు. నేనే చెప్పాను, అదీ ఆయన మొహం మీదే, ఒకటికి నాలుగుసార్లు. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బావంటే మా పెద్దక్క మొగుడు. పొందూరు పక్కన పల్లె మాది. వాళ్లిల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. ముప్పయ్యేళ్లు సొంత ట్రాక్టరు నడిపిన మనిషి ఆయన. గట్టు మీద నిలబడి గాలి పీల్చి, అవతలి మడిలో దున్నుతున్న బండి వేడెక్కిపోతోందనో, డీజిల్లో ఏదో కలిసిందనో చెప్పేసేవాడు. తప్పు పట్టడమంటే ఆయనకి మహా సరదా. నా పెళ్లిలో వడ్డించిన సాంబారు దగ్గర్నుంచి ఊళ్లో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు దాకా ఆయన వంక పెట్టనిది లేదు.

కిడ్నీలు పోయాక ట్రాక్టరు అమ్మేశారు. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, శ్రీకాకుళంలో డయాలసిస్. పొద్దున్న ఏడున్నరకల్లా అక్కడ మంచం మీద ఉండాలి. నాలుగు గంటలపాటు మిషను ఆయన రక్తం కడిగి, ఒంట్లో చేరిన నీరు లాగేస్తుంది. ఒక్కరోజు తప్పిందా, ఆ నీరు ముందు కాళ్లకి, తర్వాత ఊపిరితిత్తులకి ఎక్కుతుంది. ఆ వేళకి మా ఊరి నుంచి బస్సు లేదు. ఆటో గతుకులకి ఆయన తట్టుకోలేడు. తీసుకెళ్లేది నా కారే. అంటే ఆ కారు కదిలితేనే బావ బతుకు. ఈ సంగతి అప్పట్లో నేను నలుగురిలో కాస్త గొప్పగానే చెప్పుకునేవాణ్ని.

కారు పాతది. నా చేతికి వచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. పెట్రోలు బండి. పొందూరులో ఒక మేస్త్రీ దానికి ఏటా ఇంజన్ ఆయిలు మార్చేవాడు. చిక్కగా, తేనెలాగ ఉండే ఆయిలు. ఏం పోస్తున్నావని నేను ఏనాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బండి మాత్రం నోరెత్తకుండా నడిచేది. బాగున్నదాన్ని బాగున్నట్టు వదిలెయ్యడం నా జాతకంలో లేదు కదా!

దసరా వెళ్లాక ఆయిలు మార్చే వేళయింది. బావ లోపల మిషను మీద ఉంటే బయట నాలుగు గంటలు నాకు తోచదు. తిరిగి తిరిగి ఒక కారు సామాన్ల కొట్టులోకి వెళ్లాను. కొట్టాయన ఒక మెరిసే డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"ఇది పెట్టండి సార్. ఇప్పుడొస్తన్న కొత్త బళ్లన్నిటికీ ఇదే. నీల్లలాగుంటాది. ఇంజను ఎక్కడా పట్టీదు, మైలేజీ పెరుగుతాది."

ఖరీదైనది. పల్చటిది. కొత్త బళ్లవాళ్లు వాడేది. ఈ మూడు మాటలు చాలు నాకు. నాది కొత్త బండా, పాతదా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పూటే ఒక షెడ్డులో పాత ఆయిలు దింపించి ఇది పోయించేశాను. ఇంటికి తిరిగొస్తున్నప్పుడు వెనక సీట్లో నీరసంగా వాలిపోయిన బావకి ఘనంగా చెప్పాను.

బావ కళ్లు తెరిచాడు. "అరిగిపోన ఇంజనుకి పల్చటాయిలేటిరా? పిస్టన్ రింగులు వొదులైపోయుంటాయి. ఆ సందుల్లోంచి పైకి జారిపోయి పెట్రోలుతో పాటు కాలిపోతాది. బండి తాగీసినా నీకు తెలీదు."

"బావా, నీది ట్రాక్టరు బుర్ర. ఇది కారు," అన్నాను. ఆయన పక్కనే కూర్చున్న అక్క నవ్వింది. నేనూ నవ్వాను. బావ మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

రెండు వారాలు గడిచాయో లేదో, మొదలుపెట్టాడు.

"ఏదో కాల్తన్నాదిరా."

"ఏటీ కాలట్లేదు బావా."

"కాలిన నూనె వాసనరా. ఏక్సిలేటరు వొదిలేసినప్పుడల్లా గుప్పుమంటన్నాది."

నాకు ఏ వాసనా రాలేదు. అద్దం దించుకుని నడిపే అలవాటు నాది. చలికి ముసుగేసుకుని వెనక కూర్చునేది ఆయన. అప్పటికి కొన్నాళ్లుగా అక్క పెట్టిన కాఫీలో ఇనుం వాసన వస్తోందని, పప్పు సబ్బులాగుందని ఆయన గొడవ చేస్తున్నాడు. ఈ జబ్బులో నోటికి రుచి మారుతుందని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఆ మాట పట్టుకుని నేను ముక్కు దాకా సాగదీశాను.

"నీ ముక్కు పాడైపోనాది బావా. కాఫీలో ఇనుం వాసన, పప్పులో సబ్బు వాసన, ఇప్పుడు నా బండిలో కాలిన వాసనా? ఇంకేటొస్తాదో సెప్పు, రాసుకుంటాను!"

నాలుగోసారి అన్నప్పుడు మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ రోజు హైవే మీద లారీలతో వేగి ఉన్నాను. "అంత వాసనొస్తే దిగి నడిసిరా," అనేశాను. అక్క అద్దంలోంచి నా వైపు చూసింది. బావ ముసుగు మొహం మీదకి లాక్కున్నాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ వాసన ఊసెత్తలేదు. గెలిచాననుకున్నాను.

నేనేమీ పట్టించుకోని మనిషిని కాను, అది కూడా చెప్పాలి. ఆసుపత్రికి బయల్దేరే ప్రతి పొద్దునా బానెట్ ఎత్తి, ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దూర్చి తీసి చూసేవాణ్ని. ఆ కడ్డీ మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. ఆయిలు ఆ రెండిటి మధ్యా ఉండాలి. నాకు ఎప్పుడు చూసినా పై గీత దగ్గరే కనిపించేది. ఇంత నిండుగా ఉంటే ఇక తాగడమేమిటి? కడ్డీ అబద్ధం చెప్పదు కదా అని నా ధీమా.

ఇక్కడ మా వాకిలి గురించి చెప్పాలి. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లు మాది. వాన నీరు ఈశాన్యానికి పోవాలని వాకిలంతా తూర్పుకి వాలు పెట్టించాడు మా నాన్న. కారు కొన్నరోజు మా అమ్మ నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు బొట్టు పెట్టి, ఒక షరతు పెట్టింది: బండి ఇంటి దగ్గర నిలబడితే తూర్పు ముఖంగానే నిలబడాలి. అమ్మ పోయినా ఆ షరతు పోలేదు. ఎంత అలిసిపోయి వచ్చినా మూడుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి తూర్పు ముఖంగానే పెడతాను. అంటే బండి మూతి ఎప్పుడూ పల్లానికి ఉంటుంది. నా కారులో ఆయిలు చూసే కడ్డీ ఇంజనుకి ముందు వైపునే ఉంది. లోపల ఉన్న కాస్త ఆయిలూ పల్లానికి జారి కడ్డీ దగ్గర చేరితే, సగం ఉన్నది నిండుగా కనిపించదూ! ఈ ముక్క చిన్నపిల్లాడికైనా తోస్తుంది. రెండు నెలలు నాకు తోచలేదు. చిక్కటి ఆయిలు పోసిన రోజుల్లోనూ అక్కడే చూసేవాణ్ని గాని, అప్పుడది తగ్గేది కాదు గనక కొంప మునగలేదు.

పొద్దున్నే స్టార్టు చేస్తే వెనక నుంచి నీలంగా పొగ వచ్చేది. మంచు రోజులు కదా, మంచే అనుకున్నాను. ఒక శనివారం వంతెన మలుపులో డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఒక్క క్షణం మినుకుమని ఆరిపోయింది. నూనె డబ్బా బొమ్మ ఉండే లైటు. వైరు వదులైందేమోనని దాని మీద వేలితో కొట్టాను. మళ్లీ వెలగలేదు. ఎంత తెలివైనవాణ్నో చూడండి.

ఆ మర్నాడు ఆదివారం బావ ఉప్పులో ఎండిన నెత్తళ్ల చేపల పులుసుతో అన్నం తిన్నాడు. తినకూడదు. ఉప్పుకి దాహమేస్తుంది, దాహమేస్తే కొలత దాటి నీళ్లు తాగుతాడు. తాగాడు. శనివారం నుంచి మంగళవారం దాకా ఎలాగూ రెండు రోజుల ఎడం. మంగళవారం పొద్దున్న నేను వెళ్లేసరికి ఆయన మొహం ఉబ్బి ఉంది. పడుకోలేక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చున్నాడట. ఒక మాట అంటే రెండుసార్లు ఊపిరి తీసుకుంటున్నాడు.

"బేగి పోనీరా తమ్ముడూ," అంది అక్క. ఆమె చేతిలో ఆయనకి రోజుకి కొలిచి ఇచ్చే అర లీటరు నీళ్ల సీసా ఉంది. అప్పటికే ఖాళీ.

అంత కంగారులోనూ బానెట్ ఎత్తి ఆయిలు చూశాను. నిండుగా ఉంది. డబ్బాలో మిగిలిన ఆయిలు ఇంట్లోనే వదిలేసి బయల్దేరాను.

దారి పొడవునా మంచు. వరి కోతలైపోయి కళ్లాల్లో నూర్పులు జరుగుతున్న రోజులు. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. హైవే ఎక్కడానికి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, వంతెన మలుపులో ఆ ఎర్ర లైటు వెలిగింది. ఈసారి ఆరలేదు. వేలితో కొట్టాను. ఆరలేదు. గుప్పిటితో గుద్దాను. ఆరలేదు. అంతలో ఇంజను లోంచి టకటకా టకటకా అని ఒక చప్పుడు మొదలైంది, ఎవరో గరిటెతో సత్తు గిన్నె వాయిస్తున్నట్టు.

"ఆపు," అన్నాడు బావ.

"ఇంకెంతో దూరం లేదు బావా. ఎలగోలాగ..."

"ఆపరా!"

"ఆపకురా!" అక్క గొంతు చిరిగిపోయింది. "ఈయన ఊపిరి సూడు! ముందు ఆసుపత్రికి సేర్చు, నీ బండి పోతే పోనీ!"

నా కాలు ఏక్సిలేటరు మీదే ఉంది. ఒట్టేసి చెబుతున్నాను, నాకు ఏమీ తోచలేదు.  అద్దంలో బావ నోరు తెరుచుకుని గాలి లాక్కుంటున్నాడు. ఆపితే ఈయన ఇక్కడే ఏమైపోతాడో. ఆపకపోతే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది, అప్పుడు హైవే మధ్యలో ఈ మంచులో ఏం చేస్తాను?

బావ ముందుకి వంగి నా భుజం పట్టుకున్నాడు. ఆ వేళ్లలో అంత బలం ఎక్కడిదో!

"ఒరే... ఇంజను సచ్చిపోతే... గురువారం నన్ను... నెత్తి మీద పెట్టుకు తీసుకెల్తావేటి? ఆపు. తాళం తిప్పీ."

ఆపేశాను.

అక్క దిగి రోడ్డు మీదకి పరిగెత్తింది, వచ్చిన బండినల్లా ఆపడానికి. వచ్చినవన్నీ ఎదురు వైపు పొందూరు పోయేవే. మా వైపు వచ్చిన ఒక్క వ్యానూ మంచులో ఆమెను చూసుకోకుండానే దూసుకుపోయింది. నేను బానెట్ ఎత్తాను.

"ఒక నిమిషం... ఆగి సూడు. పైకెల్లిన ఆయిలు... దిగనీ," అన్నాడు బావ కిటికీలోంచి.

ఆ ఒక్క నిమిషం నేను లెక్కపెట్టాను. అంత పొడుగు నిమిషం నా బతుకులో ఇంకోటి లేదు. కడ్డీ లాగాను. చివర నల్లటి తడి, అంతే. కింది గీత కూడా అందలేదు.

"బావా, పొద్దున్న నిండుగా ఉన్నాది! నా కల్లతో సూసినాను!"

"ఎక్కడెట్టి సూసినావు?"

"వాకిట్లోనే."

బావ కళ్లు మూసుకుని తెరిచాడు. "నీ వాకిలి వాలు కదరా," అన్నాడు.

 తిట్టుకునే వ్యవధి కూడా లేదు. దగ్గర్లో ఎక్కడో ట్రాక్టరు మోత వినిపిస్తోంది. బావ అటు తల తిప్పి విని, "నూర్పు మిషను. ఆడి దగ్గర... ఆయిలుంటాది. ఎల్లు," అన్నాడు. చెప్పులు వదిలేసి పరిగెత్తాను. కోసిన వరి మోళ్లు పాదాలకి గుచ్చుకున్నాయి. కళ్లంలో ట్రాక్టరాయన నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

"డయాలసిస్ పేషెంటు, రోడ్డు మీద ఉండిపోనాం. ఇంజనాయిలు ఉంటే..."

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా జిల్లాలో ఆ మొదటి మాట చాలు, రెండోది అడగరు. ఆయన సీటు కింద నుంచి డబ్బా తీసుకుని నాకంటే ముందు పరిగెత్తాడు.

తీరా వచ్చాక ఆ డబ్బా చూసి నా బుద్ధి మళ్లీ వంకర తిరిగింది. "ఇది ట్రాక్టరాయిలు కదా బావా. చిక్కటిది. డీజిలు బండిది. కారుకి పడుతాదో లేదో..."

"ఇయ్యాల... పడుతాది. పొయ్యి. ఒకేపాలి ఒంపీకు. లీటరు పోసి సూడు. పై గీత... దాటనీకు."

పొయ్యడానికి గరాటు లేదు. ట్రాక్టరాయన నడుముకి దోపుకున్న కొడవలి తీసి, అక్క చేతిలో ఉన్న బావ నీళ్ల సీసా అడుగు కోసేశాడు. అక్క దాని లోపలి తడిని చీర కొంగుతో తుడిచి బోర్లించి పట్టుకుంది.  నేను ఒంపాను. సగం ఆయిలు ఇంజను పైన కారింది. లీటరు పోసి చూస్తే కింది గీత అందింది. ఇంకో అర లీటరు పోశాం.

తాళం తిప్పాను. లైటు వెలిగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు... ఆరింది. టకటక కాసేపు వినిపించి తగ్గిపోయింది. ట్రాక్టరాయన డబ్బా కూడా బండిలో పడేసి, "ఎల్లండి, ఎల్లండి, మల్లీ మాటాడుకుందాం," అని వెనక్కి నడిచాడు.

హైవే ఎక్కి ఎచ్చెర్ల ఊరు దాటేదాకా నా చూపు రోడ్డు మీద కంటే ఆ లైటు మీదే ఎక్కువ ఉంది. వెనక బావ ఊపిరి ఈల వేస్తున్నట్టు వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ నయమే. చేరేసరికి ముప్పావుగంట ఆలస్యం. ఆసుపత్రివాళ్లు ఆయన్ని వెంటనే చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయి, ముందు ఆక్సిజను పెట్టి, తర్వాత మిషనుకి తగిలించారు. నర్సు బయటికొచ్చి, ఇంకొంచెం ఆలస్యమైతే ఏం జరిగేదో నోటితో చెప్పకుండా తల అడ్డంగా ఊపింది. నేను మెట్ల మీద కూలబడి పెద్దగా ఏడ్చాను. యాభై ఏళ్లవాణ్ని, నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం పొందూరు మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. బావ బాగా తేరుకున్నాడు, మొహం వాపు తగ్గింది. మేస్త్రీ ఆయిలంతా దింపి, ఇంజను చప్పుడు విని, బతికిందన్నాడు.

"ఇంకో పది నిమిషాలు తోలుంటే బేరింగులు పోయీవి, ఇంజను పట్టీసీది. ఆ పల్చటాయిలు తప్పు ఆయిలు కాదు సార్. బిగువుగా ఉన్న కొత్త ఇంజనుకి అదే మంచిది. మీ ఇంజను అరిగిపోనాది. దానికి ఏ చిక్కదనం కావాలో బండి పుస్తకంలోనే ఉంటాది. నేను సూసే పోసీవోణ్ని. పుస్తకం మీరు సూడనేదేటి?"

బండితో వచ్చిన పుస్తకం, నేను ఒక్కసారైనా తెరవకుండా, ముందు అరలో ఉంది. తెరవలేదని ఆయనకి చెప్పలేదు. చిక్కటిది మంచిదని మేం ట్రాక్టరాయిలే పోసుకుంటామేమోనని, అదీ పనికిరాదని, ఈ బండికి చెప్పినదే పొయ్యాలని మేస్త్రీ గట్టిగా చెప్పి మా పాత ఆయిలే పోశాడు.

అక్క ఎదురు కొట్లో ఏదో కొంటోంది. బండిలో నేనూ బావా ఉన్నాం. రోజంతా అడగాలనుకున్నది అప్పుడడిగాను.

"బావా, వాసన వస్తానే ఉన్నాది కదా. మరెందుకు సెప్పడం మానీసినావు?"

ఆయన చేతికి సూది గుచ్చిన చోట వేసిన పట్టీని సరిచేసుకున్నాడు.

"నాలుగుసార్లు సెప్పినాను కదరా. నువ్వేమో దిగి నడిసి రమ్మన్నావు. ఐదోసారి సెప్తే... బండి తేడం మానీస్తావేమోనని బయమేసినాది."

 పెళ్లిపందిట్లో సాంబారు గిన్నె ముందేసుకుని మా నాన్నకే వంకలు చెప్పిన మనిషి, నాకు భయపడ్డాడు. నా కారెక్కుతున్నాడు గనక, నేను మోసుకు తిరుగుతున్నాను గనక, కాలుతున్న వాసన పీలుస్తూ నోరు మూసుకుని కూర్చున్నాడు. నెలకి పైగా! ఆయన చెయ్యి పట్టుకుని, "తప్పయిపోనాది బావా," అన్నాను. 

గురువారం పొద్దున్న అమ్మని తలుచుకుని దండం పెట్టి, బండిని వాకిట్లోంచి తీసి, బడి ముందున్న చదును సిమెంటు నేల మీద పెట్టాను. బావ అక్కడికి నెమ్మదిగా నడిచొచ్చాడు. కడ్డీ నేను లాగాను, గీత ఆయన చూశాడు. చూసి, కడ్డీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన అలా ఊరుకుంటే ఇక నేను ఊరుకోదలచలేదు.

"సెప్పు బావా. ఏ వాసనొస్తన్నాది?"

అనుమానంగా నా మొహంలోకి చూశాడు. నేను కిటికీ అద్దం పూర్తిగా ఎత్తేసి, తాళం తిప్పకుండా కూర్చున్నాను.

"నిజంగా సెప్పమంతావా?"

"సెప్పకపోతే బండి కదల్దు."

బావ ఒకసారి గట్టిగా పీల్చాడు. "ఈ సీటు గుడ్డలు ఉతికి ఎన్నేల్లయిందిరా? కుక్క కంపు కొడతన్నాయి. ఆ అద్దానికేలాడే మల్లెపూల సెంటు డబ్బాకి నాకు వాంతొస్తాది, అవతల పారీ. ఇంకా సెప్పమంతావా?"

"ఊరుకోండి, పొద్దున్నే!" అని అక్క కసురుకుంది. నేను సెంటు డబ్బా తెంపి, అద్దం దించి బయటికి పారేశాను. సాయంత్రం ఇంటికి రాగానే సీటు గుడ్డలు ఉతికి ఆరేశాను.